సూదిని తిట్టిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మందుకు దేవుడికున్నంత మర్యాద ఉండేది. కామెర్లకు పసరు తాగడానికి పోయినా, బెణికిన కాలికి కట్టు కట్టించుకోవడానికి పోయినా పద్ధతి ఒక్కటే. పరగడుపున పోవాలి, దారిలో ఎవరితోనూ మాట్లాడకూడదు, ఇంటికొచ్చాక మందు మీద చెడ్డమాట అనకూడదు. కడుపులో తిప్పిందనో, తల తిరిగిందనో నోరు జారితే మందు అలిగి పనిచేయకుండా పోతుందని మా జేజి, అంటే మా నాయనను కన్న తల్లి, గట్టిగా నమ్మేది. ఆమె నమ్మిందంటే ఇంటిల్లిపాదీ నమ్మినట్టే.

ఉరవకొండకు బస్సులో గంట దూరం మా ఊరు. విత్తనానికి శెనక్కాయలు వలిచి వలిచి, బావిలో నీళ్లు చేది చేది ఆ ఎండాకాలం మా అమ్మ కుడిభుజం పట్టేసింది. చెయ్యి రొమ్ముదాకా కూడా లేచేది కాదు. నాకు జడ వేయడం మానేసింది, తన కొప్పు తానే ముడుచుకోలేకపోయేది. తొలివాన పడితే విత్తనం వేయాలి, ఆ తర్వాత కలుపు తీయాలి. అప్పటికి చెయ్యి బాగుకాకపోతే అమ్మ బదులు నేను చేలోకి దిగాలని, ఐదో తరగతితో నా చదువు చాలని జేజి తేల్చి చెప్పింది. మా నాయన అవుననలేదు, కాదనలేదు. ఆయన ఊరుకున్నాడంటే ఒప్పుకున్నట్టేనని నాకు తెలుసు.

ఉరవకొండలో బట్టలంగడి శెట్టి ఇంటి వెనక గదికి వారానికొకసారి ఒక డాక్టరు వచ్చేవాడు. వెంట్రుకంత సన్నటి సూదులు గుచ్చి నొప్పులకు వైద్యం చేసేవాడు. ఆక్యుపంక్చర్ అనే పేరుకు మా నోరు తిరిగేది కాదు, సూదుల డాక్టరు అనేవాళ్లం. అమ్మకు తోడుగా నన్ను పంపారు. పసరుకు పోయినట్టే పోయాం. మొదటి బస్సుకు, ఖాళీ కడుపుతో, నోరు మెదపకుండా.

మొదటిసారి కుర్చీలో కూర్చోబెట్టి భుజానికీ చేతికీ సూదులు వేశారు. అమ్మ నుదురంతా చెమట పట్టింది. ఎట్లుందని డాక్టరు అడిగితే బాగుందంది. ఇంటికొచ్చాక పెరట్లో కానుగచెట్టు కింద కక్కుకుంది. జేజికి చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. రెండోసారి మోచేతి దగ్గర నేరేడుపండంత నల్లమచ్చ తేలింది. ఆ రోజంతా మత్తుగా పడుకుంది, లేచి ఏ కారణమూ లేకుండా ఏడ్చింది. మచ్చ కనపడకుండా రవికె చెయ్యి కిందికి లాక్కునేది. ఇదంతా నాకొక్కదానికే తెలుసునని నేను లోలోపల మురిసిపోయాను కూడా. చెయ్యి మాత్రం ఒక బెత్తెడు పైకి లేస్తోంది. ఆ బెత్తెడే మా ఇద్దరి ఆశ.

మూడోసారి, సూదులు వేసిన కాసేపటికే అమ్మ మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. కళ్లు తేలేసి కుర్చీలోంచి జారిపోయింది. చచ్చిపోయిందనుకున్నాను.

డాక్టరు దగ్గర ఒకామె పనిచేసేది. అందరూ సాయిబులక్క అనేవాళ్లు. ఆమె చకచకా సూదులు తీసేసి, అమ్మను చాప మీద పడుకోబెట్టి, కాళ్లు పీట మీదికి ఎత్తిపెట్టింది. అమ్మకు తెలివొచ్చి, తేరుకున్నాక చక్కెర నీళ్లు తాగించింది. అప్పుడు డాక్టరు నన్ను అడిగాడు, మీ అమ్మ పొద్దున తినే వచ్చిందా అని.

అమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. "తినింది సార్, రొట్టె తినింది" అన్నాను. ఇంకా ఏమన్నా ఇబ్బంది పడిందా అంటే ఏమీ లేదన్నాను. అమ్మ కోసం ఆడిన అబద్ధమని చాలా ఏళ్లు చెప్పుకున్నాను గానీ, అందులో నా బడి కూడా ఉంది. ఆయన నా మాట నమ్మాడు. పడుకోబెట్టి మిగతావి వేద్దామని మళ్లీ సూది చేతిలోకి తీసుకున్నాడు.

"రోంత ఆగండి సార్" అంది సాయిబులక్క. తను తెచ్చుకున్న సద్దిగిన్నె మూత తీసి, రెండు జొన్నరొట్టెలూ వంకాయ కూరా అమ్మ ముందు పెట్టింది. అమ్మ తలెత్తకుండా, నీళ్లు కూడా తాగకుండా రెండు రొట్టెలూ తినేసింది. సాయిబులక్క నా పక్కన కూర్చుని, నాకు మాత్రమే వినపడేటట్టు అంది. "తినొచ్చిన మనిషి ఇట్ల తింటాదా పాపా?"

నేను ఏడ్చేశాను. ఆమె కోప్పడలేదు. మందు మీద మాట రాకూడదన్న మా జేజి కట్టడి గురించి అంతా చెప్పించుకుని, పకపకా నవ్వింది.

"ఈ సూదులు నాకూ ఏసినాడు ఈ సారు. మూడు దినాలు మెడ తిప్పలేక నేను తిట్టిన తిట్లు ఈ గోడల్నడుగు. ఏం, అలిగి పోయినాయా? ఈడనే ఉండాయి కదా. తిట్టు పాపా, నువ్వు మొదలుపెట్టు."

డాక్టరు ముందే తిట్టమంటోంది! నేను ఆ సూదులగిన్నె వైపు చూసి, "దొంగ సూదీ, మాయమ్మ చెయ్యి నల్లగా చేసినావు" అన్నాను. అమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూనే నోరు విప్పింది. పరగడుపున వచ్చినదీ, కక్కుకున్నదీ, మచ్చా, మత్తూ, ఏడుపూ ఒకటొకటే చెప్పింది. డాక్టరు సూది పక్కన పెట్టేశాడు. మచ్చ దానంతటదే పోతుందని, మత్తుకు భయపడొద్దని, కళ్లు తిరిగినా కడుపులో తిప్పినా ఆ క్షణమే చెప్పాలని అన్నాడు. తిని రమ్మన్నాడు, పడుకోబెట్టి తక్కువ సూదులు వేస్తానన్నాడు. అప్పటికీ ఒంటికి పడకపోతే మానేద్దాం, అందులో నీ తప్పేమీ లేదన్నాడు. ఆ రోజుకు మమ్మల్ని పంపేశాడు.

తిరుగు బస్సులో అమ్మ మాట్లాడింది. అబద్ధం ఎందుకు చెప్పావని అడిగింది. బడి కోసమన్నాను.

"నీ బడి కోసమని నేను నోరు మూసుకుంటి. నువ్వూ మూసుకుంటివి. ఇద్దరం కలిసి నన్ను సంపేవాళ్లమే కదనే" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత తినే వెళ్లాం. జేజి వారం రోజులు మాతో మాట్లాడలేదు. మళ్లీ అమ్మ కళ్లు తిరగలేదు. చెయ్యి భుజం దాకా లేచింది, అంతకు మించి ఎప్పుడూ లేవలేదు. ఆ చేత్తోనే కలుపు తీసి నన్ను బడికి పంపింది.

ఇప్పుడు నా మోకాళ్లకూ అవే సూదులు వేయించుకుంటున్నాను. ఎట్లుందమ్మా అని డాక్టరు అడగ్గానే, ఈ వయసులో కూడా, బాగుందనే మాటే ముందు నాలుక మీదికొస్తుంది. అప్పుడు ఆ కుర్చీలోంచి జారిపోతున్న మా అమ్మ కనపడుతుంది. ఆ మాట మింగేసి, ఉన్నది ఉన్నట్టు చెప్తాను.