నేరేడు వైన్

మహబూబాబాద్‌లో మేం అద్దెకున్న ఇంటి యజమానురాలిని పెద్దమ్మ అని పిలిచేవాళ్లం. నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఏటా నేరేడు పండ్లు రాగానే చక్కెర, ఈస్టు కలిపి జాడీలో వైన్ పెట్టేది. పొద్దున్నే ఆ జాడీకి చెవి ఆనించి, "ఇను బిడ్డా, లోపల బుసబుసమని ఎట్ల గునుస్తుందో" అని నన్ను పిలిచేది. తాను మాత్రం చుక్క కూడా ముట్టేది కాదు.

భూపాలపల్లి దవాఖానలో పనిచేసినప్పుడు ఒకే గదిలో ఉన్న కేరళ నర్సు నేర్పిన విద్య అది. ఆ స్నేహితురాలు సొంతూరికి వెళ్లిపోయాక, అటు పోయేవాళ్ల చేతికి ఏటా ఒక సీసా ఇచ్చి పంపేది పెద్దమ్మ. రుచి చూడగానే ఆవిడ ఫోన్ చేసి ఏదో ఒక వంక పెట్టేది. ఆ ఫోన్ కోసమే పెద్దమ్మ ఎదురుచూసేది.

ఒక సంవత్సరం వైన్ వడగడుతుండగానే ఆ స్నేహితురాలు చనిపోయిందని కబురొచ్చింది. పెద్దమ్మ ఏడవలేదు. వడగట్టడం పూర్తిచేసి, గ్లాసులో కొంచెం పోసి నా చేతికిచ్చింది.

"నువ్వన్న చెప్పు బిడ్డా. ఏం తక్కువైంది?"

అంత మంచి వైన్ నేను మళ్లీ ఎక్కడా తాగలేదు. అయినా, "జర పులుపెక్కువైంది పెద్దమ్మా" అన్నాను.

ఆమె ముఖం విచ్చుకుంది. "ఎప్పుడూ గిట్లనే అంటుండె అది," అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "వచ్చే యేడు చక్కెర జర ఎక్కువేస్త."