ఆర్-3 నోటుబుక్కు

రిటైర్‌మెంటుకు మూడేళ్ల ముందు నన్ను గడ్డపోతారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో నాణ్యతా విభాగం మేనేజర్‌గా వేశారు. తయారీలో జరిగే ప్రతి పనికీ కాగితం ఉందా లేదా అని చూడటం నా ఉద్యోగం. రాయనిది జరగనట్టే అనేది మా సూత్రం. తప్పు పడితే ఒక్క అడ్డగీత కొట్టి, పక్కన సంతకం, తేదీ వేయాలి. చెరిపితే మెమో తప్పదు. ఈ విషయంలో నాకు గండ్రగొడ్డలి అని పేరుండేదని తర్వాత తెలిసింది.

నాకు ఆత్మకథల పిచ్చి. చేరిన నెలకే క్యాంటీన్‌లో బుధవారం కూటమి మొదలుపెట్టాను. మనసుకు నచ్చిన ఆత్మకథ ఒకటి, ఇప్పుడు చదువుతున్న పుస్తకం ఒకటి, ఎవరైనా ఈ రెండింటి గురించి చెప్పాలి. ముగింపు మాత్రం చెప్పకూడదు. తెల్లాపూర్ నుంచి వచ్చే కెమిస్టులు నేను ముందంటే నేను ముందని పోట్లాడుకునేవారు. ఆ అరగంట కోసం వారమంతా ఎదురుచూసేవాణ్ణి. ఇస్నాపూర్‌లో ఉండే ఆపరేటర్ యాదగిరి వెనక బెంచీ మీద టీ గ్లాసుతో కూర్చునేవాడు. టీ కోసమే వస్తున్నాడనుకున్నాను.

రెండో ఏడు చివర, మా మందు కొనే కంపెనీ తరఫున ఒక ఆడిటరమ్మ తనిఖీకి వచ్చింది. ఉత్పత్తి బ్లాకులో యాదగిరి లాకర్ తెరిపిస్తే చిన్న నోటుబుక్కు దొరికింది. మా ముద్ర లేని కాగితం ఆ బ్లాకులో ఉండటమే తప్పు. తెరిచి చూశాం. పైన 'ఆర్-3' అని ఉంది. కింద వరుసగా: 1.10కి 42, 1.30కి 58, 1.50కి 71. తేదీ లేదు.

మందు ఉడికే పెద్ద స్టీలు పాత్రను రియాక్టర్ అంటారు. ఆర్-3 అంటే మాకు మూడో రియాక్టర్. దాని వేడి అరవై అయిదు డిగ్రీలు దాటకూడదు. నిజమైన వేడి ఇక్కడ రాసుకుని, రికార్డులో మంచి అంకె వేస్తున్నాడని ఆమె అనుమానం. అది రుజువైతే ఆ రోజే ఉద్యోగం పోతుంది.

"గవి వేడి అంకెలు కాదు మేడం. అన్నం టైముల నేను సదివిన పేజీలు. ఆర్-3 అంటే మూడోపారి రీడింగు. మా తాన అన్నీ గిట్లనే రాస్తం గదా, అలవాటైపోయింది" అన్నాడు యాదగిరి.

ఆమె నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు. పుస్తకం ఎక్కడుందని అడిగితే క్యాంటీన్‌లో తన టిఫిన్ సంచిలో ఉందన్నాడు. నేనే పరుగెత్తి తెచ్చాను. ఒక రైల్వే గేటు కాపలాదారు రాసుకున్న ఆత్మకథ, మా కూటమి అల్మారాలోదే. ఆమె డెబ్బై ఒకటో పేజీ తీసి, అట్ట అతని వైపు పెట్టి, ఇందులో ఏముందో చెప్పమంది.

యాదగిరి పుస్తకం అట్ట వైపే చూస్తూ మొదలుపెట్టాడు. "ఆయనకు నిద్రవట్టింది మేడం. గేటెయ్యలే. లేచి సూస్తే ఎడ్లబండి పట్టాల మీద ఉన్నది, రైలు కూత ఇనవడుతున్నది. అబద్ధం రాసుకోవచ్చు గదా, రాసుకోలే. తప్పు నాదే అని రాసిండు. గా మాట కోసమే మూడుపార్లు సదివిన!" చెబుతూ చెబుతూ భయం మరిచిపోయాడు. గొంతు పెరిగింది, చేతులే రైలూ బండీ అయ్యాయి. నాకు ఒళ్లు పులకరించింది. రెండేళ్లలో మా కూటమిలో అంత బాగా ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఆమె పేజీ మీద వేలు ఆన్చి వింటోంది. "మరి బండివాడు బతికాడా?" అంది.

"గది సెప్ప మేడం. మా కూటమి రూలు ఒప్పుకోదు. సదువుకోండ్రి."

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే మిగతా పేజీలు కూడా రెండు చోట్ల అడిగి సరిచూసింది. దొంగ లెక్క కాదని రాసింది. అనుమతి లేని నోటుబుక్కు బ్లాకులో ఉందన్న లోపాన్ని మాత్రం వదల్లేదు. యాదగిరికి మెమో ఇచ్చి నేనే సంతకం చేశాను. ఉద్యోగం నిలిచింది.

ఏ అంకె పక్కనైనా అది దేనిదో, ఏ తేదీదో రాయాలి. ఆ ఉదంతం తర్వాత కొత్తవాళ్లకు మొదటి పాఠంగా ఇదే చెప్పాను. నాకు నేను చెప్పుకున్నది వేరు. ప్రశ్నలడగడానికే నాకు జీతమిచ్చేవారు. రెండేళ్లు నా ఎదుట కూర్చున్న మనిషిని, నువ్వేం చదువుతున్నావని నేను ఒక్కసారీ అడగలేదు.