విచ్చుకున్న గులాబీలే కావాలన్నాను

అంగళ్ల మధ్య పెరిగినదాన్ని. ఎదుటివాడి ఎత్తు ఇట్టే పసిగడతాననే గర్వం నాది. కూతురి నిశ్చితార్థానికి వియ్యాలవారు అబ్బురపడేలా దండలు నేనే కడతానని, రాయచోటి దగ్గర గులాబీల పాలీహౌస్‌కు వెళ్లాను. రైతు మొగ్గలు చూపించాడు.

"మొగ్గలంటగట్టి ఏమారుస్తాండావా అప్పా? ఆ బుట్టలో విచ్చుకున్నవి ఇయ్యి."

"అవి పారేసేవక్కా, రేకులు నిలబడవు."

అదీ బేరంలో ఎత్తేనని నవ్వుకుని, పట్టుబట్టి ఆ బుట్టే తెచ్చుకున్నాను.

మర్నాడు కడపలో, అందరూ చూస్తుండగా కాబోయే అల్లుడు దండ వేశాడు. రేకులన్నీ జలజలా రాలి, అమ్మాయి మెడలో తొడిమలూ దారమూ మిగిలాయి.

"దారం శానా గట్టిగుండాది వదినా, యాడ కొంటివి?" అంది వియ్యపురాలు.

నా తెలివి వృథా పోలేదు. ఇప్పుడు ఆమె ఏది కొనాలన్నా నన్నే వెంటబెట్టుకుపోతుంది. నేను మెచ్చినదాన్ని పక్కన పెట్టించి, రెండోది కొనుక్కుంటుంది.