గెలుపు నాడు గది వెలుపల

2017 నవంబరు 25, శనివారం. అమెరికాలోని అల్ఫారెట్టాలో ఆకాశం నిర్మలంగా ఉంది. ఎండ కాస్తున్నా అందులో వేడి లేదు. రాలిన ఆకులను వీధి పొడవునా యంత్రాలతో ఊదుతున్నారు. ఆ మధ్యాహ్నం మా అల్లుడు పవన్ ఇంటి బేస్‌మెంట్‌లో అతని మిత్రులు చేరారు. వాళ్లంతా ఎమ్మెస్ చదివిన విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు ఆ రోజు చిరకాల ప్రత్యర్థితో ఆడుతోంది. కొన్నేళ్లుగా ఓడిపోతూనే ఉంది. ఆ విశ్వవిద్యాలయం పేరు రాయను. దాని దోషం ఇందులో ఏమీ లేదు.

ఈ ఆటలో బంతి చాలావరకు చేతుల్లోనే ఉంటుంది, పేరులో మాత్రం పాదం ఉంది. వ్యుత్పత్త్యర్థాన్ని రూఢ్యర్థం లక్ష్యపెట్టదని జీవితమంతా పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి కనుక నాకు అది వింతగా తోచలేదు. అయితే నేను చెప్పదలచినది ఆటను గురించి కాదు, శ్యామ్‌సుందర్‌ను గురించి.

అతనిది జనగామ దగ్గరి పల్లె. చదువుకునే రోజుల్లో పవన్‌తో ఒకే గదిలో ఉండేవాడు. స్టేడియంలో కూల్‌డ్రింకులు అమ్మే క్యాంపస్ ఉద్యోగం చేశాడు. కౌంటరులో నిలబడితే మైదానం వీపు వైపు ఉండేది.

“నా ఎనక వేలమంది ఒర్లుతుండిరి సార్. నేను గ్లాసులల్ల ఐసు నింపుతుంటి. ఎవరు గెలిచిన్రో కొనెటోళ్ల మొఖాలు చూసి తెలుసుకునేది,” అని ఒకసారి నాతో అన్నాడు.

ఆ ప్రత్యర్థిపై తన జట్టు గెలిచే క్షణాన, స్నేహితుల మధ్య కూర్చుని, కళ్లారా చూడాలి. అతను కోరుకున్నది అంతే.

దానికి ఒక మాట అడ్డుపడింది: ఐరన్ లెగ్. ‘వాడి పాదం మంచిది కాదు’ అని మన పెద్దలు అన్న పాపిష్టి మాటకే మనవాళ్లు ఇంగ్లీషు చొక్కా తొడిగారు. శ్యామ్ పవన్ ఇంట్లో ఈ ఆట చూడడానికి తొలిసారి వచ్చిన ఏడు జట్టు ఆఖరి నిమిషంలో ఓడింది. మరుసటి ఏడు అతను పిజ్జా తేవడానికి వెళ్లగానే జట్టుకు పాయింట్లు వచ్చాయి. తిరిగి రాగానే పోయాయి. ఆ మధ్యనే వీసా లాటరీలో అతని పేరు రాలేదు. చేరిన కంపెనీలో లేఆఫ్‌లు జరిగాయి. ఇక ఆ పేరు స్థిరపడిపోయింది. అతనూ నవ్వేవాడు.

మా బడిలో ఒక లెక్కల మాస్టారుండేవారు. రేడియోలో క్రికెట్ వింటూ, తాను కదిలితే వికెట్ పడుతుందని కుర్చీలో బిగుసుకుని కూర్చునేవారు. ఆ మౌఢ్యాన్ని ఆయన తనమీద మాత్రమే ప్రయోగించుకున్నారు కాబట్టి మేము నవ్వి ఊరుకున్నాం. పక్కవాణ్ణి లేచి పొమ్మని ఏనాడూ అనలేదు.

ఇక్కడ అన్నారు. ఆఖరిదైన నాలుగో క్వార్టర్‌లో మన జట్టు వెనకబడింది. పవన్ స్నేహితుడు లోకేష్ సోఫా మీంచి లేచి చేతులు జోడించాడు.

“ఒరేయ్ శ్యామూ, నీ కాళ్లకి దణ్ణం పెడతా, కాసేపు పైకెళ్లరా!”

“పోతున్న లే, గెలిస్తె పార్టీ నాకే ఇయ్యాలె,” అని శ్యామ్ నవ్వుతూ వంటగదిలోకి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను. రెండు నిమిషాలకే కింద కేకలు. టచ్‌డౌన్!

“వర్కౌట్ అయింది! ఇంట్లో కూడా ఉండకురోయ్, కార్‌లో కూర్చో!” లోకేష్ కింది నుంచే అరిచాడు. పవన్ మెట్లెక్కి వచ్చి అతని జాకెట్ అందించాడు.

“ఇదేమి మర్యాద పవన్? అతిథిని బయటికి పంపిస్తారా?” అన్నాను.

“జస్ట్ ఫన్ మామయ్యగారూ. వాడేం ఫీల్ అవ్వడు.”

అందరూ పెద్ద చదువులు చదివినవారే. శ్యామ్ జాకెట్ వేసుకుని వెళ్లాడు. నేను రెండు కప్పుల టీ పట్టుకుని వెళ్లి అతని కారులో పక్కన కూర్చున్నాను. రేడియోలో వ్యాఖ్యానం వస్తోంది. నాకు సగమే అర్థమైంది. ఉన్నట్టుండి వ్యాఖ్యాత గొంతు పగిలేలా అరిచాడు. శ్యామ్ రెండు చేతులతో స్టీరింగును గట్టిగా పట్టుకున్నాడు.

“గెలిచినం సార్. అయిపోయింది.”

ఇంట్లోంచి మాత్రం చప్పుడు లేదు.

“లోపలోళ్లకు ఇంక తెల్వది. వాళ్లది స్ట్రీమింగ్, అర నిమిషం లేటొస్తది. రేడియో ముందుగాల.”

“అయితే పద! పరుగెత్తు! వాళ్లతో కూర్చుని చూడవచ్చు!”

అతను తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. తెరవలేదు.

“వద్దు సార్. వాళ్లు చూసినంక పోత. ఇప్పుడు పోతే మళ్ల ఏమన్న అయితదో.”

హాస్యమాడుతున్నాడేమోనని ముఖంలోకి చూశాను. కాదు. ముగిసిన ఆటను, గెలిచిన ఆటను, తన అడుగు ఇంకా చెడగొట్టగలదని అతను భయపడుతున్నాడు. అప్పుడు ఇల్లు దద్దరిల్లింది.

మేము వెళ్లేసరికి వాళ్లు ఒకరినొకరు కౌగిలించుకుని గెంతుతున్నారు. “హీరో వచ్చాడ్రా!” అని లోకేష్ అతని భుజం చరిచాడు. “వచ్చే ఏడాది నుంచి నీకు పర్మనెంట్ సీట్, కార్‌లోనే!” అందరూ నవ్వారు. శ్యామ్ కూడా నవ్వాడు. మెట్ల దగ్గరే నిలబడి, టీవీలో ఆఖరి ఘట్టాన్ని మళ్లీ చూపిస్తే చూశాడు.

మరుసటి ఏడు అతణ్ణి బయటికి పొమ్మనే అవసరం ఎవరికీ రాలేదు. అతనే రాలేదు. దేశానికి అవతలి కొసన ఉన్న బాతెల్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడని తరువాత తెలిసింది. వాళ్లు ఇప్పటికీ ఆ రోజును తలచుకుని ఆనందిస్తుంటారు. ఆ జట్టు గెలిచిందన్న వార్త వింటే నాకు నోరు చేదవుతుంది.

నిరుడు అక్టోబరులో అతని వద్దనుంచి ఉత్తరం వచ్చింది.

“సార్‌కు నమస్కారాలు. ఆరోగ్యం బాగున్నదనుకుంటున్న. మన టీమ్ ఆటలు నేనిప్పుడు చూస్తలేను. స్కోరు తెల్లారి చూసుకుంట. మా బిడ్డ ఆద్యకు ఏడేండ్లు. సాకర్ మంచిగ ఆడుతది. పోయిన శనివారం వాళ్లది ఫైనల్. నన్ను రమ్మని చెయ్యి పట్టుకుని గుంజింది. మీటింగ్ ఉందని అబద్ధం చెప్పిన. వాళ్లు గెలిచిన్రు సార్. మెడల్ ఏసుకుని వచ్చి, ‘డాడీ, నువ్వు మిస్ అయ్యావ్’ అని ఏడ్చింది. దాన్ని ఎత్తుకున్న గని, పోకపోవుడే మంచిదైందని మనసుల అనిపించింది. ఇది తప్పని నాకు తెలుసు. మీరు చెప్పకముందే తెలుసు. అయినా వచ్చే శనివారం ఇంకో మ్యాచ్ ఉందంటె, దానికి గూడ మీటింగ్ ఉందని చెప్పిన.

మీ శ్యామ్‌సుందర్.”