కారుకు కట్టిన తడి గోనెసంచి

నా టర్బో కారుకు గాలిని చల్లబరిచి ఇంజన్‌కు పంపే ఇంటర్‌కూలర్ పైపు నేనే మార్చాను, వీడియోలు చూసి. ఇంజన్‌లోకి చల్లటి గాలి పోతే బండి బాగా లాగుతుందని ఆశ. ఈ రోజు నాయనను ఎక్కించుకుని గొప్పలు చెబుతూ బయల్దేరాను. ముదిగుబ్బ దాటాక ఎత్తులో బండి ముసలి ఎద్దులా రొప్పింది. పక్కకు ఆపి బానెట్ ఎత్తాను.

నాయన పైపును తాకి చటుక్కున చెయ్యి లాక్కున్నాడు.

"చల్లగాలి పైపును పోయి పోయి రేడియేటర్‌కు ఆనించినావే! చేన్లో ఎండకు పడుండే నల్లపైపులో మొదట వచ్చే నీళ్లు కాళ్లు కాలుస్తాయని తెలీదా?"

తెలుసు. చిన్నప్పుడు కాల్చుకున్నవాణ్ణే.

ఆయన డిక్కీలోని గోనెసంచి తడిపి, చేన్లో నీళ్లు చల్లగా ఉండాలని క్యానుకు చుట్టినట్టే పైపుకు చుట్టి కట్టేశాడు. గొర్రెలు తోలుకుపోతున్న పెద్దాయన ఒకరు ఆగి చూశారు.

"ఏమప్పా, బండికి జరమొచ్చిందా?"

"జరం మావోనికి, అన్నా. వీడియోలు చూసి తెచ్చుకున్యాడు, బండికి అంటించినాడు," అన్నాడు నాయన.

బండి మెల్లగా ఎత్తు ఎక్కింది.

సొంతంగా బండి విప్పిన మహానుభావులు ఇంకెవరైనా ఉంటే ధైర్యంగా చెప్పుకోండి. డిక్కీలో ఇంకో గోనెసంచి ఉంది.