పన్నెండు దెబ్బల గడియారం ముందు

ఇప్పుడంటే ఏ ఊళ్ళో ఏముందో ఫోన్‌లో చూసుకుని, అంతా చూసేశామన్న తృప్తితో ఇంట్లోనే కూర్చుంటున్నాం గానీ, ఆ రోజుల్లో మా పాల్వంచ వైపు వాళ్ళకు హైదరాబాదు చూసి రావడమంటే చిన్న పని కాదు. పోయొచ్చినవాళ్ళు నెల రోజులు చెప్పేవాళ్ళు, పోనివాళ్ళు నెల రోజులు వినేవాళ్ళు. నేను చాలాకాలం వినేవాళ్ళలోనే ఉండిపోయాను. అప్పట్లో నాది లారీల కాటా దగ్గర ఉద్యోగం. చదువు పదో తరగతితో ఆగిపోయినా లెక్కల పిచ్చి మాత్రం ఆగలేదు. ఎవరూ నేర్పకుండానే నోటి లెక్కలు పట్టుబడ్డాయి. లారీ ఇంకా కాటా ఎక్కకముందే, టైర్లు ఎంత నొక్కుకున్నాయో చూసి బరువు చెప్పేవాణ్ణి. (చాలాసార్లు కుదిరేది. కుదరనప్పుడు కాటాను అనుమానించేవాణ్ణి.) అలాంటి మనిషి పెళ్ళాం పిల్లలను వెంటబెట్టుకుని రాజధాని చూపించడానికి బయల్దేరితే ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు.

మా ఆవిడ నాకు మేనమామ కూతురే. మా సొంతూరు వేంసూరు దగ్గర, చుట్టూ పొలాలు. మా మామ మాత్రం ఎప్పుడో భద్రాచలం అవతల అడవి అంచున పొలం కొనుక్కుని అక్కడే స్థిరపడ్డాడు. అందువల్ల మా ఆవిడ కోయ పిల్లలతో కలిసి ఇప్పపువ్వు ఏరుతూ పెరిగింది. అడవిలో తప్పిపోకుండా వాళ్ళకొక పద్ధతి ఉండేది. ఎవరైనా కనిపించకపోతే అరచేతులు నోటి దగ్గర పెట్టుకుని “కూ...” అని పొడుగ్గా పిలుస్తారు. ఆ కూత విన్నవాళ్ళు ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఆగిపోవాలి, పిలుపు వచ్చిన వైపు తిరిగి బదులు కూయాలి. వెతుక్కుంటూ రావలసింది పిలిచినవాళ్ళే, తప్పిపోయినవాళ్ళు కాదు. ఇద్దరూ నడిస్తే ఇద్దరూ తప్పిపోతారట. మా పిల్లలిద్దరికీ మాటలు వస్తూ రాకముందే ఈ విద్య నేర్పేసింది. పాల్వంచలో మేముండే కాలనీ క్వార్టర్ల మధ్య ఈ కూతలేమిటని నాకు తల తీసేసినట్టు ఉండేది. అందుకే రైలెక్కేముందు గట్టిగానే చెప్పాను.

“చూడూ, హైదరాబాదుల కూతలు గీతలు పెట్టొద్దు. అడివిల నుంచి దిగిన్రనుకుంటరు.”

“అడివిల నుంచే గద దిగింది?” అంది మా ఆవిడ.

మొదటి రోజు చార్మినార్, జూ పార్కు చూశాం. చార్మినార్ మెట్లు నేను లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. ఎన్ని మెట్లో ఇప్పుడు గుర్తు లేదు, పైనుంచి ఏం కనిపించిందో అప్పుడే గుర్తు లేదు. జూలో ఏనుగు బరువు కంటితో కట్టి పక్కనున్నాయనకు చెప్పాను. ఆయన మర్యాదస్తుడు, ఔనన్నాడు. జింకల దగ్గర జనం ఎగబడి చూస్తుంటే మా ఆవిడ మాత్రం కళ్ళెర్రజేసి, “వీటిని చూసేటందుకు టికెట్టా బావా? మా అయ్య రాత్రంతా మంచె మీద కూసోని వీటినే గద తరిమింది!” అంది. రోడ్ల మీద కూడా ఆమెది అడవి నడకే. అంత వెడల్పు రోడ్డు పక్కన మేం నలుగురం ఒకరి వెనక ఒకరం, ముందు నేను, నా వెనక ఏడేళ్ళ అమ్మాయి, దాని వెనక నాలుగేళ్ళ చిన్నోడు, చివర మా ఆవిడ. తోవ ఇవ్వమన్నట్టు ఆటోలు హారన్ కొడితే, మా ఆవిడ వాటికి కూడా మా వెనక నిలబడమన్నట్టు చెయ్యి చూపించేది.

ఈ ప్రయాణంలో అసలు ఆశంతా చిన్నోడిది. మూసీ ఒడ్డున మ్యూజియంలో ఒక పాతకాలపు గడియారం ఉందని, గంట గంటకూ అందులోంచి బొటనవేలంత మనిషి బయటికొచ్చి గంట కొట్టిపోతాడని కాటాకు వచ్చే డ్రైవరొకాయన వాడికి ఎప్పుడో చెప్పాడు. అప్పట్నుంచీ వాడికి అదే ధ్యాస. ఆ మనిషి ఎక్కడ పడుకుంటాడు, వాళ్ళమ్మ ఎక్కడుంటుంది అని అన్నం తినేటప్పుడల్లా అడిగేవాడు. చార్మినార్ ఎదురుగా నిలబెట్టినా “గంట కొట్టేటాయన ఏడి?” అన్నాడు. సరే, రెండో రోజు మ్యూజియం అనుకున్నాం. పొద్దున్నే పోదామంది మా ఆవిడ. నేను ఒప్పుకోలేదు.

“పది గంటలకు పోతే పది దెబ్బలే కొడతడు. పన్నెండింటికైతే పన్నెండు. టికెట్ ఒకటే గద!”

మా ఆవిడ, “మరి ఒంటిగంటకు పోతే టికెట్ ఏమన్న తగ్గిస్తరా?” అంది.

పన్నెండుకు ఇంకా చాలా ముందే గడియారం ఉన్న చోటికి చేరాం. అప్పటికే జనం కిక్కిరిసి ఉన్నారు. అయిపోగానే త్వరగా బయటపడొచ్చని అందరికంటే వెనక, ద్వారం పక్కన చోటు ఎంచుకున్నాను. అక్కణ్ణుంచి చిన్నోడికి కనిపించేవి ముందువాళ్ళ నడుములు మాత్రమేనని నా లెక్కకు తట్టలేదు. సమయం దగ్గరపడింది. జనం గుసగుసలు మాని ఊపిరి బిగబట్టారు. అప్పుడు నాకొక అనుమానం వచ్చింది. నా చేతి గడియారం ముందుందా, ఆ గడియారం వెనకుందా? వాడి చెయ్యి వదిలి, నా గడియారం మరను తిప్పి సరిచేసుకున్నాను. మళ్ళీ చెయ్యి చాపితే అక్కడ చిన్నోడు లేడు.

“చిన్నోడేడి బావా?”

“నీ దగ్గర లేడా?”

మా ఆవిడ ముఖంలో రంగు మారింది. నా బుర్ర మాత్రం తనకు తెలిసిన ఒకే ఒక్క పని మొదలుపెట్టింది. నాలుగేళ్ళ పిల్లవాడి అడుగు ఇంత, పోయి ఇంతసేపు, ద్వారాలు ఇన్ని, బయట గేటు ఇంత దూరం. లెక్క చకచకా సాగి చిన్నోణ్ణి గేటు దాటించింది, రోడ్డు దాటించింది, మూసీ వంతెన మీదికి తీసుకుపోయింది. జీవితంలో మొదటిసారి నా లెక్క తప్పు కావాలని కోరుకున్నాను. అమ్మాయిని వాళ్ళమ్మ కొంగు పట్టుకోమని చెప్పి బయటికి పరుగెత్తబోయాను. మా ఆవిడ నా చొక్కా పట్టి ఆపింది.

“ఏడికి ఉరుకుతవ్? ఇద్దరు నడిస్తే ఇద్దరు తప్పిపోతరు. నిలబడు.”

అని, అరచేతులు నోటి దగ్గర పెట్టుకుంది. వద్దని చెప్పడానికి నా నోరు సగం తెరుచుకుంది, మిగతా సగం తెరుచుకోలేదు.

“కూ...”

అంత నిశ్శబ్దంలో ఆ కూత గోడగోడకూ తగిలింది. తలలన్నీ ఒక్కసారి వెనక్కి తిరిగాయి. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత ఎక్కణ్ణుంచో సన్నగా “కూ...” అని బదులొచ్చింది. నా ప్రాణం లేచి రాబోతుండగా ఇంకో మూలనుంచి ఇంకో కూత. పక్కనుంచి ఒకటి. తల్లుల చంకల్లోంచి, తండ్రుల భుజాల మీదనుంచి, అక్కడున్న పిల్లలంతా ఇదేదో భలే ఆటనుకుని కూయడం మొదలుపెట్టారు. అదే సమయానికి గడియారం కూడా దెబ్బలు మొదలుపెట్టింది. ఆ గోలలో నాకు దెబ్బేదో కూతేదో తెలియలేదు. సెక్యూరిటీ ఆయన పరుగున వచ్చి, “అమ్మా, ఇక్కడ అరవొద్దు!” అన్నాడు.

“జర ఉండన్నా, మావోడు పలుకుతుండు,” అంది మా ఆవిడ కళ్ళు మూసుకునే.

“గిన్నిట్ల మనోడిది ఎట్ల తెలుస్తది?” అన్నాను, ఏడుపు గొంతుతో.

“మనోడిది ముక్కుల నుంచి వస్తది,” అని జనాన్ని తప్పించుకుంటూ సూటిగా ముందుకు పోయింది. మేం ఆమె వెనకే పోయాం. (మళ్ళీ ఒకరి వెనక ఒకరం. ఈసారి ముందు ఆమె.)

చిన్నోడు అందరికంటే ముందు, జనం దాటకుండా కట్టిన తాడు పక్కన ఉన్నాడు. కాళ్ళ మధ్యనుంచి దూరి దూరి గడియారం ఎదుటికే చేరుకున్నాడు. కానీ తల్లి కూత విన్నాడు. పద్ధతి ప్రకారం ఉన్నచోటే ఆగి, పిలుపు వచ్చిన వైపు తిరిగి, గడియారానికి వీపు పెట్టి నిలబడ్డాడు. వాడి వెనక ఆ బొటనవేలంత మనిషి పన్నెండు దెబ్బలూ కొట్టుకుని లోపలికి పోయాడు. చిన్నోడు ఒక్కసారి కూడా తల తిప్పలేదు. అరచేతులు నోటి దగ్గరే ఉన్నాయి.

వాళ్ళమ్మ ఎత్తుకున్నాక అప్పుడు తిరిగి చూశాడు. “గంట కొట్టేటాయన పోయిండా?” అన్నాడు. వాడి కింది పెదవి వణకడం మొదలైంది.

నా లెక్క ప్రకారం ఒంటిగంటకు మేం భోజనం ముగించి గోల్కొండ బస్సులో ఉండాలి. ఖాళీ అవుతున్న చోట మొదటి వరుసలో కూలబడి, “మల్ల వస్తడు నాయనా, కూసుందాం,” అన్నాను. మా ఆవిడ పక్కన కూర్చుని పులిహోర పొట్లం విప్పబోయింది. సెక్యూరిటీ ఆయన దూరంనుంచే చెయ్యి ఊపాడు. మళ్ళీ కట్టేసింది. నిండా ఒక గంట ఆకలితో కూర్చున్నాం. చిన్నోడు రెప్ప వేయలేదు. ఒంటిగంటకు గంట కొట్టేటాయన వచ్చాడు. ఒక్కటంటే ఒక్క దెబ్బ కొట్టి లోపలికి పోయాడు. చిన్నోడు లేచి గెంతులు వేశాడు. “నాయినా, మనకోసమే మల్ల వచ్చిండు!”

అమ్మాయి నా మోచెయ్యి గోకి, “నాయినా, ఎన్ని కొట్టిండు?” అంది.

“ఒకటి.”

“మంచిగ లెక్కపెట్టినవా?”

ఆ అమ్మాయికిప్పుడు ఒక బాబు. చిన్నోడు హైదరాబాదులోనే కంపెనీ ఉద్యోగం చేస్తున్నాడు. మొన్నీమధ్య మమ్మల్నిద్దరినీ మెట్రో ఎక్కిస్తానని తీసుకుపోయాడు. రెండు లైన్లు కలిసే పెద్ద స్టేషన్లో దిగి, వచ్చే రైళ్ళ మధ్య ఎన్ని నిమిషాలు పడుతోందో చూస్తూ నేను వెనకబడ్డాను. తలెత్తితే ఇద్దరూ లేరు. ఫోన్ చార్జింగ్ అయిపోయింది. మెట్లు ఎన్ని, అంతస్తులు ఎన్ని, వాళ్ళు పోయి ఎంతసేపయ్యింది అని బుర్ర పాత పని మొదలుపెట్టింది. కాళ్ళు కూడా అప్పటిలాగే పరుగుకు సిద్ధపడ్డాయి.

అప్పుడు జనం అవతలనుంచి వినపడింది. గొంతు బొంగురుపోయింది, మీసాలొచ్చిన మగవాడి గొంతు. అయినా ముక్కులోంచే వచ్చింది. “కూ...”

చుట్టూ అందరూ తలలు తిప్పి చూశారు. నేను ఉన్నచోటే ఆగిపోయాను. పిలుపు వచ్చిన వైపు తిరిగాను. చేతిసంచి కాళ్ళ దగ్గర పెట్టి, ఒకప్పుడు కూతలు పెట్టొద్దని కట్టడి చేసిన పెద్దమనిషినైన నేనే, రెండు అరచేతులూ నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా కూశాను. అది ఎంత దూరం పోయి ఉంటుందో లెక్కవేయలేదు.