బానెట్ మీద సొట్ట

మేస్త్రీ నోరు అప్పుడప్పుడూ అబద్ధం చెప్తుంది గానీ, అరచెయ్యి మాత్రం చచ్చినా చెప్పదని ఆ వీధిలో పేరు. ముప్పై ఏళ్లుగా కార్ల సొట్టలు తీస్తున్నాడు. సుత్తితో రేకు సరిచేశాక పల్చటి నూలుగుడ్డ ఒకటి దాని మీద పరిచి, కళ్లు మూసుకుని, ఆ గుడ్డ మీద అరచెయ్యి నడిపిస్తాడు. కంటికి ఆనని ఎత్తుపల్లాలు ఆ చేతికి ఆనుతాయి. "కళ్లదేముందిరా, వెలుతురు ఏం చూపిస్తే అదే నమ్ముతాయి" అంటాడు.

ఇంత బుద్ధిమంతుడికీ ఒక పిచ్చి ఉంది. మజిల్ కారు! చిన్నతనంలో ఒకసారి అలాంటి బండి వాళ్ల వీధిలోంచి వెళ్తే కిటికీ అద్దాలు గడగడలాడాయట. పొడవాటి బానెట్టు, రెండే తలుపులు, వెనక లావుపాటి చక్రాలు, రంకె వేసే ఇంజను. అలాంటిదాన్ని తన చేతులతో తానే కట్టాలని ఆ రోజే అనుకున్నాడు. అనుకోనివాడెవడు? ఈయన మాత్రం పట్టిన పట్టు వదల్లేదు. ఎవరో వదిలేసిపోయిన పాత కారు డొక్కును షెడ్డు వెనక్కి నెట్టుకొచ్చి, ముక్క ముక్కా కలుపుతూ పదకొండేళ్లు గడిపాడు.

ఆయన భార్య స్కూలు బస్సు నడుపుతుంది. ఆ కారుకి 'కండల కారు' అని పేరు పెట్టింది ఆవిడే. "నలభై మంది పిల్లల్ని మోసే బండి నా చేతిలో ఉంటే, ఈ కండల కారొక లెక్కా?" అని దెప్పుతుంది. దెప్పుతూనే సెలవు రోజుల్లో పీట వేసుకు కూర్చుని బోల్టుల తుప్పు గీకుతుంది. అదీ ఆవిడ సంగతి.

చివరికి మిగిలింది బానెట్టు. బజార్లో దొరికేది కాదు. చదును రేకు తెచ్చి, నెలల తరబడి సుత్తితో కొట్టి కొట్టి ఒంపు తీశాడు. అది పూర్తయ్యేసరికి కుడిచెయ్యి మొద్దుబారింది. మణికట్టు దగ్గర నరం నలిగిపోయిందని డాక్టరు ఆపరేషన్ చేశాడు. "పట్టు వచ్చేస్తుంది. స్పర్శ ఎంతవరకు వస్తుందో మాత్రం ఇప్పుడే చెప్పలేను" అన్నాడు.

డాక్టరు అన్నట్టే గాయం మానింది, పట్టు వచ్చింది. స్పర్శ రాలేదు. ఒకరోజు పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని కబుర్లు చెబుతుంటే, భార్య చటుక్కున గ్లాసు లాగేసుకుంది. చూస్తే అరచెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది. ఆయనకు తెలియనే లేదు! "ఏదో ఆలోచనలో ఉన్నాలే" అని దాటేశాడు. ఎవరైనా చెయ్యెలా ఉందని అడిగితే "బ్రహ్మాండం" అనేవాడు. ఇంకేం చెప్తాడు పాపం? చెయ్యే ఆయన చదువు, చెయ్యే ఆయన పరువు.

ఆ పరువు కూడా ఒకనాడు పోయింది. ఒక కారు తలుపుకి సొట్ట తీసి, చేతికి ఏమీ తెలియకపోయినా కంటితో చూసి సరే అనేశాడు. వారం తిరక్కుండా కారు వెనక్కొచ్చింది. ఎండలో పెడితే తలుపంతా అలలు అలలుగా కనిపిస్తోంది. కారాయన తిట్టి ఉంటే బాగుండేది. "వయసు మీద పడుతోంది కదా మేస్త్రీ, ఏం చేస్తారు" అని జాలిపడ్డాడు. ఆ రోజు నుంచి మేస్త్రీ తన బానెట్టు వైపు వెళ్లడమే మానేశాడు.

అలా ఆపరేషనై ఐదు నెలలు గడిచాయి. అదే షెడ్డులో రంగులు వేసే బావమరిది ఒక చలి ఉదయం పట్టుబట్టాడు. బానెట్టుకి రంగు కింద వేసే ప్రైమరు కొట్టి, నున్నగా రుద్ది సిద్ధంగా పెట్టాడు.

"బావా, రంగు కలిపేశాను. గాలి లేదు, తేమ లేదు. ఒక్కసారి చెయ్యేసి సరే అను, మొదలుపెట్టేస్తాను."

"నువ్వు చూశావుగా, చాల్లే."

"నేను చూస్తే ఏం లాభం? నీ చెయ్యి చూడాలి గానీ."

భార్య కూడా ఫ్లాస్కు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. మేస్త్రీ పని కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. సరే అనడానికి ఎంతసేపు? ఊరందరికీ చెప్పిన అబద్ధం తన కారుకీ చెప్పెయ్యాలా? పోనీ నిజం చెప్తే? ఇక మేస్త్రీ అని పిలిచేవాళ్లెవరు?

కంగారులో గుడ్డ పరచడం కూడా మరిచిపోయి, ఉత్త అరచెయ్యి రేకు మీద ఆనించాడు.

చల్లగా ఉంది.

చెయ్యి తీసేశాడు. భ్రమేమో! మళ్లీ ఆనించాడు. రాత్రంతా చలిలో ఉన్న రేకు, చల్లగానే ఉంది. ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుని చెయ్యి నడిపించాడు. మధ్య గీత, దాని పక్క ఒంపు, కిందికి జారే వాలు. అన్నీ పాత స్నేహితుల్లా పలకరించాయి. ఎడమ దీపం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. రెండు వేళ్ల మేర అక్కడ చల్లదనం తగ్గింది. అంచున వెంట్రుకవాసి గట్టు కూడా తగిలింది.

"ఇక్కడ సొట్ట ఉంది."

"లే... లేదే బావా" అంటూ బావమరిది నీళ్లు నమిలాడు.

"ఉంది! సొట్టలో పుట్టీ నింపావు. చుట్టూ రేకు చల్లగా ఉంటే ఇక్కడొక్కచోట ఉండదేం? ఎప్పుడు చేశావురా ఈ ఘనకార్యం?"

బావమరిది ముఖం వెలవెలబోయింది. "పోయిన వారం జాకీ కడ్డీ చెయ్యి జారి పడింది బావా. నీకు చెప్పే ధైర్యం లేక పుట్టీ పెట్టాను. నీ చెయ్యే సరే అంటే ఇక భయం ఉండదనుకున్నా..."

"నా బానెట్టు మీద జాకీ కడ్డీ పడేస్తావురా, వెధవా!" అని అరిచి, ఆ వెంటనే అతన్ని కావలించుకుని, వెక్కి వెక్కి ఏడ్చేశాడు. "సొట్ట ఉందిరా! నాకు తెలిసిందిరా!"

అతగాడికి ఏమీ అర్థం కాలేదు. తిట్టించుకోవాలో, ఓదార్చాలో తెలియక బావ వీపు నిమురుతూ నిలబడ్డాడు.

కాసేపటికి మేస్త్రీ కళ్లు తుడుచుకుని భార్య వైపు తిరిగాడు. "నీకొకటి చెప్పాలి. ఈ ఐదు నెలలూ నా చేతికి..."

"స్పర్శ లేదు. తెలుసు" అంది ఆవిడ.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"గ్లాసు లాక్కున్న రోజు నుంచి. అప్పట్నుంచి మీ టీ చల్లార్చే ఇస్తున్నాను. 'ఇదేం టీయే, ఎప్పుడూ చప్పగా చల్లారి చస్తుంది' అని రోజూ సణుగుతూనే ఉన్నారు కదా!"

ఆవిడ ఫ్లాస్కు మూత తిప్పి, పొగలు కక్కే టీ స్టీలు గ్లాసులోకి వంచి, కుడిచేతికే అందించింది.

"అమ్మో, కాలిందే!" అని ఆయన గ్లాసు బానెట్టు మీద పెట్టబోయి, నాలిక్కరుచుకుని ఎడమచేతికి మార్చుకున్నాడు.

"కాలిందా?" అంది ఆవిడ, ఆ కుడి అరచెయ్యి తిప్పి చూస్తూ.

"కాలింది. రేపట్నుంచి ఇలాగే ఇవ్వు."

బావమరిది రంగు డబ్బాకి మూత బిగించాడు. మేస్త్రీ టీ పూర్తిగా తాగి, పుట్టీ గీకేసి, సుత్తి అందుకున్నాడు.